అడ్డాకు నుంచి ఆనపబుర్ర దాకా: మన్యం ఇళ్ల విశేషాలు

విశాఖపట్నంలో కుళాయి తిప్పితే బిందెలో పడే నీళ్లలో కొన్ని అనంతగిరి కొండల మీద కురిసిన వానే. బొర్రా గుహల గుండా పారే గోస్తనీ నది కొండ దిగి తాటిపూడి జలాశయం చేరుతుంది. అక్కడి నుంచి పైపుల్లో నగరానికి వస్తుంది. ఆ కొండల వైపు నుంచే వచ్చే శారద నది నీళ్లు రైవాడ జలాశయం మీదుగా నగరానికి అందుతున్నాయి. అంటే అరకు వెళ్లినప్పుడు దారి పక్కన మనం పడేసిన పళ్లెం, కప్పు, నీళ్ల సీసా పడేది మన నీళ్ల దారిలోనే.

ఇంట్లో చిన్న చిన్న మార్పులతో భూమికి మేలు చేద్దామని పట్నాల్లో ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు. చాలా మంచి మాట. అందుకు కావలసిన సరుకులో, పద్ధతుల్లో సగం ఈ కొండల మీద ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటిని మనం వాడితే మన ఇంట్లో చెత్త తగ్గడమే కాదు, వాటిని సేకరించి బతికే కొండ కుటుంబాలకు నాలుగు రూపాయలు వస్తాయి. అడవిని నిలబెట్టుకోవడానికి వాళ్లకు ఒక కారణం ఉంటుంది. అలాంటి విశేషాలు కొన్ని ఇవి.

అడ్డాకు ఇచ్చేది చెట్టు కాదు

అడ్డాకు విస్తరి ఎరగని ఉత్తరాంధ్ర ఇల్లు ఒకప్పుడు లేదు. కానీ ఆ ఆకు చెట్టుది అనుకునేవాళ్లే ఎక్కువ. అది తీగ. పెద్ద పెద్ద చెట్లను చుట్టుకుని పైదాకా పాకిపోయే మొండి తీగ. ఆకు కొసన చీలి రెండు రెక్కలుగా, మన అరచేతికి ఎన్నో రెట్లు పెద్దగా ఉంటుంది.

విస్తరి కుట్టడం దగ్గరుండి చూడాలి. వెదురును చీల్చి సన్నని పుల్లలు చేసి పక్కన పోసుకుంటారు. ఆకు అంచు మీద ఇంకో ఆకు అంచు వేస్తారు. పుల్లను పై నుంచి గుచ్చి, కింద నుంచి మళ్లీ పైకి తీసి, మిగిలిన ముక్కను వేళ్లతోనే పుటుక్కున విరిచేస్తారు. చూపు ఆకు మీద లేకపోయినా చెయ్యి తప్పదు. పక్కవాళ్లతో మాట్లాడుతూనే, ఒళ్లో పిల్లను సముదాయిస్తూనే ఒక్కో ఆకూ చేరుతూ విస్తరి గుండ్రంగా పూర్తవుతుంది. తర్వాత ఎండబెట్టి, బరువు కింద అణచి, కట్టలు కడతారు. జిగురు లేదు, దారం లేదు, ఇనుప పిన్ను లేదు. తిన్నాక బయట పడేస్తే పశువు తింటుంది, లేదా మట్టిలో కలిసిపోతుంది.

ఆ తీగ విస్తరితోనే ఆగదు. దాని నారతో తాళ్లు పేనుతారు. కాయల్లోని పిక్కలను వేయించుకుని తింటారు. వెదురు చట్రం మీద ఈ ఆకులు పరిచి గిడుగు చేస్తారు. వానలో వంగి నాట్లు వేసేవాళ్లకు తల నుంచి నడుం దాకా కప్పే గొడుగు అది. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. పాలిథిన్ పట్టాలు వచ్చాక గిడుగు అల్లేవాళ్లు తగ్గిపోతున్నారు. ఇది చూస్తే మనసు చివుక్కుమంటుంది.

అరిటాకు బొమ్మ ఉన్నంత మాత్రాన

ఇప్పుడు పెళ్లి భోజనాల్లో అరిటాకు బొమ్మ అచ్చేసిన కాగితం విస్తర్లు వేస్తున్నారు. వాటి మెరుపు ప్లాస్టిక్ పొరది. దాన్ని పశువు తింటే కడుపులో చేరుతుంది, కాలిస్తే విషపు పొగ వస్తుంది. కాగితం కప్పుకూ లోపల అలాంటి పొరే ఉంటుంది. 2020లో ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు అలాంటి కప్పులో వేడి నీళ్లు పోసి చూశారు. పదిహేను నిమిషాల్లో 100 మిల్లీలీటర్లలోకి సుమారు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరినట్టు తేల్చారు. అరకు వెళ్లేటప్పుడు సంచిలో ఒక స్టీలు గ్లాసు వేసుకుంటే చాలు, కాఫీ ఎక్కడ తాగినా ఈ బెడద ఉండదు.

2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, కప్పులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతటా నిషిద్ధం. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పలుచని క్యారీ బ్యాగులు కూడా. కాగితం విస్తరి మాత్రం ఇంకా అన్ని దుకాణాల్లో దొరుకుతోంది. అందుకే ఇంట్లో శుభకార్యానికి వంటవాళ్లతో మాట్లాడేటప్పుడే "అడ్డాకు విస్తర్లే కావాలి" అని గట్టిగా చెప్పాలి. ఐదు వందల మంది భోజనం చేస్తే ఐదు వందల ప్లాస్టిక్ పొరలు తప్పినట్టే.

ఆనపబుర్రలో అంబలి

కొండ మీద పొలం పనికి వెళ్లేవాళ్ల భుజాన వేలాడే బుర్రను చూశారా? అది బాగా ముదిరిన ఆనపకాయ. పాదు మీదే పూర్తిగా ముదరనిచ్చి, కోసి, తొడిమ దగ్గర చిన్న రంధ్రం చేస్తారు. నీళ్లు పోసి లోపలి గుజ్జు కుళ్లేదాకా ఉంచుతారు. చిన్న చిన్న రాళ్లు వేసి గలగలా ఊపి గుజ్జూ గింజలూ బయటికి తీస్తారు. పలుమార్లు కడిగి ఎండబెడతారు. చేదు పూర్తిగా పోయాక అందులో నీళ్లో, చోడంబలో పోసుకుంటారు. ఎంత ఎండలోనైనా లోపలిది చల్లగా ఉంటుంది. పగిలితే పెంట మీద వేస్తారు. వచ్చే ఏడాది పాదుకు మళ్లీ కాస్తుంది.

మనందరం ఆనపబుర్రలు మోసుకు తిరగాలని కాదు. స్టీలు సీసా ఒకటి కొనుక్కుని పదేళ్లు వాడినా ఇదే పని జరుగుతుంది. పెరట్లో పాదు ఉన్నవాళ్లు మాత్రం ఒక కాయను ముదరనివ్వండి. విత్తనానికి పనికొస్తుంది, పిల్లలకు ఒక బుర్ర చేసి ఇవ్వడానికీ పనికొస్తుంది.

చోళ్లకు మోటారు అక్కర్లేదు

ఆనపబుర్రలో పోసే చోడంబలి సంగతి కూడా చెప్పాలి. చోళ్లు (రాగులు), సామలు, కొర్రలు వాలు నేలల మీద వానతోనే పండుతాయి. బోరు, మోటారు, కరెంటు అక్కర్లేదు. వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అదే బియ్యంలో పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ. బాగా ఎండబెట్టి దాస్తే చోళ్లు ఏళ్ల తరబడి పురుగు పట్టవు. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. రేషన్ బియ్యం వచ్చాక కొండల మీద కూడా చోళ్లు వెనక్కి తగ్గాయి. వారానికి రెండు పూటలు మన ఇంట్లో చోడి పిండి వాడితే, అక్కడ ఒక చెక్క నేలలో చోళ్లు వేయడానికి రైతుకు ధైర్యం వస్తుంది.

బురద నీటికి చిల్లగింజ

గిరిజన సహకార సంస్థ 1956లో మొదలైంది. కొండల్లో దొరికే చింతపండు, తేనె, కుంకుళ్లు, సీకాయ, కరక్కాయ, ఉసిరి, చీపుళ్లు కొనే సంస్థ ఇది. దాని జాబితాలో చిల్లగింజలు కూడా ఉంటాయి. వానాకాలంలో వాగు నీళ్లు ఎర్రగా వస్తే, మట్టికుండ లోపలి గోడకు చిల్లగింజను నీళ్లతో అరగదీసి, ఆ కుండలో నీళ్లు పోసి కదపకుండా ఉంచుతారు. కాసేపటికి మట్టి అడుగున కూర్చుంటుంది, పైన తేట నీళ్లు తేలతాయి. నీటిలో తేలే మట్టి రేణువులను దగ్గరికి చేర్చి బరువెక్కించే గుణం ఆ గింజకు ఉంది. పటిక చేసేదీ అదే పని. సుశ్రుత సంహిత కాలానికే ఈ గింజ గురించి తెలుసు. అక్కడ దీని పేరు కతకం. సూడాన్‌లో నైలు నది ఒడ్డు ఆడవాళ్లు ఇదే పనికి మునగ గింజల పొడి వాడేవారు.

ఇది నీటిని తేటపరుస్తుందే గాని క్రిములను చంపదు. తేటపడ్డాక మరిగించాల్సిందే. అయినా పెరట్లో ట్యాంకు నీళ్లు మడ్డిగా వచ్చినప్పుడు గుర్తుంచుకోదగ్గ గింజ.

అరకులో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి

సముద్ర మట్టం నుంచి పైకి వెళ్లే కొద్దీ, సుమారు ప్రతి 300 మీటర్లకు నీరు మరిగే వేడి ఒక డిగ్రీ తగ్గుతుంది. అరకు లోయ 900 మీటర్ల పైన ఉంది కాబట్టి అక్కడ నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. పప్పు మూత లేని గిన్నెలో ఉడకడానికి విశాఖలో కన్నా ఎక్కువ సేపు పడుతుంది. కుక్కరు లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి కొండ మీద దాని విలువ మరింత ఎక్కువ.

చింతపల్లి, లంబసింగి వైపు పండే రాజ్మా విషయంలో ఇది ఇంకా ముఖ్యం. రాజ్మాను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్లో ఉడికిస్తే గ్యాసు బాగా మిగులుతుంది. సన్నని సెగ మీద సగం ఉడికించి తినడం మాత్రం ప్రమాదం. పచ్చి రాజ్మాలోని ఒక విషపదార్థం బాగా మరిగితేనే పోతుంది. కడుపు పాడయ్యాక గాని చాలామందికి ఇది తెలియదు.

పొయ్యి పైన విత్తనం

అరకు చుట్టుపక్కల ఊళ్లలో ఇంటి దూలాలకు మొక్కజొన్న పొత్తులు వరసగా వేలాడుతూ కనబడతాయి. విత్తనానికి ఉంచిన కంకులను పొయ్యి పైన అటక దగ్గర కట్టడం పాత పద్ధతి. పొగకు పురుగు రాదు. చిక్కుడు, కంది లాంటి విత్తనాలకు బూడిద కలిపి దాస్తారు. పొగ విత్తనానికి మంచిదే గాని మనుషులకు కాదు. మూసిన ఇంట్లో కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ల ఊపిరితిత్తులు, ఒళ్లో పసిబిడ్డల ఊపిరితిత్తులు పాడవుతాయి. ఇళ్లకు వంటగ్యాసు ఇచ్చే దీపం పథకం 1999లో రాష్ట్రంలో, ఉజ్జ్వల పథకం 2016లో దేశమంతటా అందుకే వచ్చాయి. గ్యాసు వచ్చిన ఇంట్లో ఎండ, బూడిద, వేపాకు చాలు విత్తనానికి. మనం డబ్బాల్లో పప్పులు దాచుకునేటప్పుడు కూడా వేపాకు వేసి చూడండి. మందు బిళ్లల అవసరం రాదు.

విత్తనాన్ని కాపాడే ఇంకో ఏర్పాటు పండగ రూపంలో ఉంది. మామిడి కొత్త, చిక్కుడు కొత్త అంటూ కొండల్లో ఒక్కో పంటకూ కొత్త పండగ చేస్తారు. ఊరంతా కలిసి ఆ పండగ చేసుకునేదాకా ఆ పంటను ఎవరూ నోట పెట్టరు. పిందెలు రాలగొట్టడం ఉండదు. కాయ ముదురుతుంది, టెంక గట్టిపడుతుంది, పిట్టలకూ కొంత దక్కుతుంది. ఆ టెంకనూ వదలరు. లోపలి జీడిని తీసి, బుట్టలో వేసి, పారే వాగులో కొన్ని రోజులు ఉంచుతారు. వగరు నీళ్లలో పోతుంది. ఎండబెట్టి దంచి, తిండి కరువయ్యే వానాకాలంలో అంబలి కాచుకుంటారు. అయితే జీడికి బూజు పడితే ప్రాణాల మీదికి వస్తుంది. 2001లో ఒడిశాలోని కాశీపూర్‌లో టెంకల అంబలి తాగి జనం చనిపోయారన్న వార్త దేశాన్ని కుదిపేసింది. ఆకలి కాలానికి ఆసరాగా నిలిచిన తిండి ఇది. దాని గురించి గౌరవంగానే మాట్లాడాలి.

సంతలో కవరు లేని కొలత

నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. ఈ లెక్క మన తాతలకు నోటికి వచ్చేది. కొండ సంతల్లో గింజలు, పిక్కలు ఇప్పటికీ గిన్నెతోనో మానికతోనో కొలిచి పోస్తారు. ప్యాకెట్టు లేదు, ముద్రించిన కవరు లేదు. కొనేవాళ్ల దగ్గర గుడ్డ సంచో, కొంగో ఉంటే చాలు. అరకు సంతకు వెళ్లే పర్యాటకులు నాలుగు గుడ్డ సంచులు మడిచి పట్టుకెళ్తే చోళ్లు, రాజ్మా, మిరియాలు, పసుపు అన్నీ ఇలాగే తెచ్చుకోవచ్చు.

కొండచీపురును పీకకూడదు

మన ఇంట్లో మెత్తగా ఊడ్చే చీపురు కొండ గడ్డి వెన్ను. డిసెంబరు నుంచి మార్చి దాకా కోస్తారు. అది ఏళ్ల తరబడి బతికే గడ్డి. దాని వేళ్లు వాలు నేలల మట్టిని పట్టి ఉంచుతాయి. కొడవలితో వెన్నులు కోస్తే దుబ్బు మళ్లీ చిగురిస్తుంది. తొందరలో వేళ్లతో సహా పీకితే ఆ దుబ్బు పోతుంది, వానకు మట్టీ పోతుంది. చీపురు కొనేటప్పుడు కాడ మొదళ్లు చూడండి. వేరు ముక్కలు, మట్టి అంటుకుని ఉంటే అది పీకిన గడ్డి. ప్లాస్టిక్ పిడి వేసిన చీపురు కన్నా, నారతోనో వెదురుతోనో కట్టినది మేలు. అరిగాక పూర్తిగా పొయ్యిలోకో ఎరువులోకో పోతుంది.

కుంకుడు నురుగు

కుంకుడుకాయ పెచ్చులో నురుగునిచ్చే పదార్థం సహజంగానే ఉంది. తలకు, పట్టుచీరలకు, వెండి సామానుకు అదే చాలు. పిసికాక మిగిలిన పిప్పి మొక్కల మొదట్లో వేయవచ్చు. షాంపూ పాకెట్లు రూపాయికి దొరకడం మొదలయ్యాక కొండ ఊళ్ల వాగుల పక్కన కూడా ఆ పాకెట్లే కనబడుతున్నాయి. అవి ఎవరూ ఏరరు, అమ్ముడు పోవు.

చెట్టు బెరడు చీర

గదబ గిరిజన స్త్రీలు అడవి మొక్కల బెరడు నుంచి తీసిన నారతో, నూలు కలిపి, కెరంగ్ అనే గుడ్డ నేసుకునేవారు. మగ్గం అంటే నాలుగు కర్రలే. ఎరుపు, నీలం, తెలుపు చారల ఆ గుడ్డ ఏళ్లకేళ్లు చిరగదు. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథంలో కూడా దాని వర్ణన ఉంది. ఇప్పుడు అది నేసేవాళ్లు చాలా అరుదు. ఒక చీరకు ఎన్నో రోజుల పని పడితే దాన్ని ఎవరూ రెండుసార్లు కట్టి పారేయరు. మన ఇళ్లలో ఆ ఆలోచనకు మిగిలిన రూపం బొంత. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత అరకు చలికి కూడా ఆగుతుంది. కుట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, పని ఇవ్వడమే మన వంతు.

ఫిల్టర్ పిప్పిని పారేయకండి

అరకు కాఫీ సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటిని పాకిన మిరియాల తీగల పక్కన పెరుగుతుంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను ఆ నీడ చెట్లను చాలా కూల్చింది. అది కాఫీ తోటలకు పెద్ద గాయం. అయినా 2017లో అరకు కాఫీకి పారిస్‌లో దుకాణం తెరిచారు, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన వంతు చిన్నదే. ఇత్తడి, స్టీలు ఫిల్టర్లకు కాగితం అక్కర్లేదు. మిగిలిన పిప్పిలో సుమారు రెండు శాతం నత్రజని ఉంటుంది. ఎండుటాకులతో కలిపి కుండీలో మాగబెడితే మొక్కలకు మంచి ఎరువు.

దానికి తోడు జీవామృతం. పొలానికి 200 లీటర్ల లెక్క చెబుతారు గాని మిద్దె మీద కుండీలకు రెండు లీటర్లు చాలు. రెండు లీటర్ల నీటికి 100 గ్రాముల ఆవుపేడ, 100 మిల్లీలీటర్ల గోమూత్రం, 20 గ్రాముల బెల్లం, 20 గ్రాముల శనగపిండి, చిటికెడు చెట్టు కింది మట్టి. నీడలో రెండు రోజులు ఉంచి, పూటకోసారి కలిపి, పది రెట్లు నీళ్లతో పలుచన చేసి పోయాలి. ఈ పద్ధతిని ఊరూరా నేర్పిన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి వచ్చింది.

మన స్విచ్చు, వాళ్ల నేల

మాచ్‌కుండ్ నది మాడుగుల కొండల్లో పుట్టి, జలాపుట్ జలాశయంలో ఆగి, డుడుమ జలపాతం దగ్గర కరెంటుగా మారుతుంది. 1955లో మొదలైన ఆ కేంద్రం సామర్థ్యం 120 మెగావాట్లు. అదే నది కిందికి దిగి సీలేరు అయ్యాక ఎగువ సీలేరులో 240, దిగువ సీలేరులో 460 మెగావాట్ల కేంద్రాలు ఉన్నాయి. జలాపుట్ నీళ్ల కింద మునిగిన పొలాలు, ఊళ్లు గిరిజనులవి. మైదానాల్లో దీపాలు వెలగడానికి వాళ్లు ఇళ్లు వదిలారు. ఇది మనం తరచుగా గుర్తు చేసుకోవలసిన సంగతి.

ఒక 60 వాట్ల పాత బల్బును రోజుకు ఐదు గంటలు వెలిగిస్తే నెలకు తొమ్మిది యూనిట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీకి ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. 75 వాట్ల పాత ఫ్యానును రోజూ పది గంటలు తిప్పితే నెలకు ఇరవై రెండున్నర యూనిట్లు, 30 వాట్ల కొత్త రకానికి తొమ్మిది. హుద్‌హుద్ తర్వాత విశాఖలో 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. నగరం చేసిన పనిని ఇంట్లో చేయడం ఇంకా తేలిక.

ఏది ఎప్పుడు కొనాలి

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం వెదురుతో సహా చిన్న తరహా అటవీ ఫలసాయం మీద హక్కు గిరిజనులది. కాబట్టి తట్టలు, చాటలు, జల్లెడలు కొనేటప్పుడు సంకోచం అక్కర్లేదు. అల్లినవాళ్ల దగ్గరే కొంటే డబ్బు నేరుగా వాళ్లకే చేరుతుంది. సంక్రాంతి దాటాక కొండచీపుళ్లు, కుంకుళ్లు కొత్తవి వస్తాయి. చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. చోళ్లు, సామలు కోతల తర్వాత చలికాలంలో. సంతకు వెళ్లలేనివాళ్లకు గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో తేనె, చింతపండు, కుంకుడు పొడి, కాఫీ దొరుకుతాయి. ఏడాదికి సరిపడా ఒకేసారి తెచ్చుకుంటే ప్యాకింగు తగ్గుతుంది. చింతపండుకు పిక్క తీసి, ఉప్పు కలిపి, జాడీలో అదిమి పెడితే మళ్లీ కాపు వచ్చేదాకా నిలవుంటుంది.